కుండలో చల్లదనం: మా కల్లు చరిత్ర

ఆదివాసుల గురించి రాసిన పుస్తకాల్లో ఒక మాట తరచుగా కనబడుతుంది. వీళ్లు కల్లు, సారా ఎక్కువ తాగుతారు అని. ఆ మాట రాసినవాళ్లలో చాలామంది మా కుండ దగ్గర కూర్చోలేదు. కల్లు ఎప్పుడు దించుతాం, దేంట్లో పోస్తాం, ఎక్కడ పెడతాం, ఏ పొద్దుకు తాగుతాం, ఏ పొద్దు దాటితే ముట్టం అని అడగలేదు. జూలూరుపాడు చుట్టుపక్కల గూడేల్లో పెరిగి, టీచర్ ట్రైనింగ్ చదివి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటున్న మేము ఆ సంగతులు రాయాలనుకున్నాం.

ముందే ఒక మాట చెప్పాలి. తాగుడు మంచిదని చెప్పడానికి ఇది రాయడం లేదు. తండ్రి కూలి డబ్బులు బెల్టు షాపులో పోతే పలక లేకుండా బడికొచ్చే పిల్లల్ని మేము రోజూ చూస్తున్నాం. అందుకే ఈ చరిత్ర కావాలి. మా తాతలు కుండ దగ్గర పాటించిన కొలత ఒకటుండేది. అది ఎట్లా పోయిందో తెలియకపోతే ఇవాళ్టి తాగుడు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు.

తెల్లవారుజాము కల్లు

మైదానం ఊళ్లలో తాటిచెట్టు గీసేది గౌడన్నలు. గూడేల్లో మా చెట్టు మేమే గీసుకుంటాం. జూలూరుపాడు వైపు తాడు, ఈత ఎక్కువ. గోదావరి దగ్గరికి పోయేకొద్దీ, కొండలు పెరిగేకొద్దీ జీలుగు కనబడుతుంది. మంచి జీలుగు చెట్టు పారకానికి వచ్చిందంటే ఒక్కరోజులో ఇరవై లీటర్లు దాటి కూడా ఇస్తుంది. ఒక కుటుంబానికి అది పాడిగేదెతో సమానం.

మాపటేళ చెట్టెక్కి గెల కొసను పలచగా చెక్కి, కింద లొట్టి కడతారు. రాత్రంతా చుక్క చుక్క దిగుతుంది. తెల్లవారకముందే మళ్లీ ఎక్కి దించుతారు. పగలు కూడా లొట్టి ఉంటుంది గానీ పగటి కల్లుకు, రాత్రి కల్లుకు రుచిలో చాలా తేడా. రాత్రిది తియ్యగా, పలచగా, నోటికి చల్లగా ఉంటుంది. పగటిది అప్పటికే పులుపెక్కి, నురుగు మీద నురుగు పొంగుతుంటుంది.

ఈ తేడా ఎందుకో మా అవ్వలు తమ మాటల్లో చెప్పేవాళ్లు: "ఎండ తగిలితే కల్లుకు వయసు మీద పడుద్ది." ఇది సైన్సు మాటే. గెల నుంచి కారే నీరు మొదట చక్కెర నీళ్లే. గాలిలో, లొట్టి గోడల మీద ఉండే ఈస్టు అందులో పడగానే ఆ చక్కెరను తింటూ ఆల్కహాలును, బొగ్గుపులుసు వాయువును తయారుచేస్తుంది. వాతావరణం చల్లగా ఉంటే ఈస్టు మెల్లగా పనిచేస్తుంది, వెచ్చగా ఉంటే పరుగెత్తుతుంది. దాని వెనకే ఇంకో రకం సూక్ష్మజీవులు వచ్చి ఆల్కహాలును వెనిగర్‌గా మారుస్తాయి. అందుకే పొద్దున తియ్యగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది, మరునాటికి పుల్లనీళ్లవుతుంది. ఎండాకాలంలో కొత్తగూడెం, భద్రాచలం వైపు ఎండ నలభై అయిదు డిగ్రీలకు చేరే రోజులుంటాయి. అలాంటి చోట కల్లుకు చల్లదనమే ఆయుష్షు.

కుండ, ఇసుక, నీడ

ఐసు లేదు, కరెంటు లేదు. ఉన్నవి మట్టి కుండ, వాగు ఇసుక, చెట్టు నీడ, సొరకాయ బుర్ర.

ముందు కుండను సిద్ధం చేసుకోవాలి. కొత్త కుండలో రాత్రంతా నీళ్లు పోసి నానబెడతారు. వాడిన కుండను కడిగి, లోపల ఎండు తాటాకు మంట చూపి పొగబెడతారు. నిన్నటి పులుపు కుండ గోడల్లో మిగిలితే ఇవాళ్టి కల్లును గంటలో పాడుచేస్తుంది. మంట చూపడమంటే ఆ పాత పులుపును చంపడం.

చెట్టు నీడలోనో వాగు ఒడ్డునో గుంట తీసి, తడి ఇసుకలో కుండను మెడ దాకా కూర్చోబెడతారు. దాని మీద తడిగుడ్డ కప్పుతారు. కుండ గోడకు కంటికి కనబడని రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు చెమ్మగా బయటికి వచ్చి ఆవిరవుతుంది. ఒక లీటరు నీరు అట్లా ఆవిరి కావాలంటే సుమారు 580 కిలో కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో చాలా భాగం కుండ నుంచి, కుండలో ఉన్నదాని నుంచి పోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే చెమ్మ అంత తొందరగా ఆరుతుంది, కుండ అంత చల్లబడుతుంది. అందుకే మే నెల వడగాలిలో బాగా పనిచేసే కుండ, శ్రావణమాసం ముసురులో అంతగా పనిచేయదు.

బడిలో ఐదో తరగతి పిల్లలతో ఇది చేసి చూశాం, కల్లుతో కాదు, నీళ్లతో. ఒకే బోరు నీళ్లు ఒక కుండలో, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి వేపచెట్టు కింద పెట్టాం. మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టాక పిల్లలు వచ్చి రెండింటినీ ముట్టుకున్నారు. థర్మామీటరు అవసరం రాలేదు. ఒక పిల్ల అన్నది, "సార్, మా అవ్వకు ఇది ముందే తెలుసు" అని. నిజమే. మాకు టీచర్ ట్రైనింగులో చెప్పిన బాష్పీభవనం పాఠం ఆ అవ్వకు చేతిలోనే ఉంది. ఆమె కుండను అరచేత్తో ముట్టదు, చేతి వెనక వైపు ఆనించి చూస్తుంది. వేడి, చలి అక్కడ బాగా తెలుస్తాయని ఆమె లెక్క.

ఇంకో నియమం, కుండ మూతి బిగించకూడదు. పైన ఆకు వేసి వదిలేయాలి. లోపల వాయువు పుడుతూనే ఉంటుంది, దానికి దారి కావాలి. ఆ మధ్య ఎండాకాలంలో ఒక పెళ్లికి పోయాం. పొద్దున్నే తెచ్చిన కల్లును నీలం ప్లాస్టిక్ డబ్బాల్లో పోసి, మూతలు బిగించి, ఆటోలో వేసి తెచ్చి, రేకుల పందిరి కింద పెట్టారు. పన్నెండు గంటలకు ఒక డబ్బా మూత ఎగిరి పందిరికి తగిలింది. పెళ్లికొడుకు మేనమామ నెత్తి నిండా నురుగే. అందరూ నవ్వారు. ఒక ముసలాయన మాత్రం రేక చేతిలో పట్టుకుని వాసన చూసి కింద పారబోశాడు. "ఇది కల్లు కాదురా, కోపం" అన్నాడు.

వడ్డించే తీరు

కుండ దించగానే తాగడానికి లేదు. మొదటి చుక్కలు భూమికి, గతించిన పెద్దలకు. వాళ్లను తలుచుకుంటూ నేల మీద విడిచాకే మనుషులకు. తాటి పీచుతో చీమలు, తేనెటీగలు లేకుండా వడగట్టి బుర్రలో పోస్తారు. బుర్ర నుంచి రేకలోకి వంచుతారు. తాటాకుతో మడిచిన ఆ రేకకు అడుగు ఉండదు, నిండుగా కింద పెట్టలేం. పోసింది తాగి, రేక దులిపి, పక్కవాళ్లకు దారి ఇవ్వాలి. వంతు మళ్లీ వచ్చేసరికి మాటలు జరుగుతాయి. పెద్దవాళ్లకు ముందు, ఆడవాళ్లకూ వంతు ఉంటుంది. ఊరి తగవు, పెళ్లి మాట, విత్తనాల పండుగ ఏర్పాటు అన్నీ ఆ వలయంలోనే తెగుతాయి.

పొద్దెక్కితే ఆ వలయం లేస్తుంది. ఎవరూ వద్దనక్కరలేదు, కల్లే వద్దంటుంది. పులిసిపోయిన కల్లు నోటికి ఎక్కదు, కడుపులో మంట. మిగిలితే చెట్టు మొదట్లో పోస్తారు. దాచుకోవడానికి లేదు, రేపటికి ఉండదు, సంతకు మోసుకుపోతే దారిలోనే పాడవుతుంది. ఆ రోజు చెట్టు ఇచ్చింది ఆ రోజు ఊరంతా పంచుకోవాలి. మా కొలత ఇదే. దాన్ని ఏ చట్టమూ పెట్టలేదు. ఎండ, కుండ కలిసి పెట్టాయి.

ఇది తిండి కూడా. హైమన్‌డార్ఫ్ అనే మానవ శాస్త్రవేత్త 1940లలో నిజాం రాజ్యంలోని ఆదివాసుల మధ్య తిరిగి, 1945లో కొండరెడ్ల మీద పెద్ద పుస్తకం అచ్చువేశాడు. గింజలు అయిపోయిన నెలల్లో జీలుగు కల్లు కొండరెడ్ల ఆకలికి ఎంత ఆసరాగా ఉంటుందో అందులో రాశాడు. ధాన్యం గాదె ఖాళీ అయినప్పుడు చెట్టు మీది గాదె అది. దాని మీద పన్ను వేయడమంటే అన్నం మీద పన్ను వేయడమే.

చల్లదనానికి యంత్రం, చెట్టుకు పన్ను

మాకున్న ఈ సమస్య ప్రపంచంలో అందరికీ ఉండేది. జర్మనీలో బీరు కాచేవాళ్లు ఎండాకాలం పాడు కాకుండా పీపాలను కొండల్లో తొలిచిన నేలమాళిగల్లో, చెరువుల నుంచి కోసిన మంచుగడ్డల మధ్య పెట్టేవాళ్లు. వాళ్ల లాగర్ బీరు పేరుకు అర్థమే నిల్వ పెట్టింది అని. ఇంగ్లండులో పీపా బీరును పన్నెండు డిగ్రీల దగ్గర ఉండే నేలమాళిగ నుంచి వడ్డించడం ఆనవాయితీ. ఇనుప పీపాల బీరును ఇంకా చల్లగా ఉంచుతారు. ఎందుకంటే చల్లటి ద్రవం వాయువును పట్టి ఉంచుతుంది. సున్నా డిగ్రీల దగ్గర నీళ్లలో కరిగే బొగ్గుపులుసు వాయువు, ఇరవై డిగ్రీల దగ్గర కరిగేదానికి దాదాపు రెండింతలు. వెచ్చబడిన పీపా తెరిస్తే గ్లాసులో పడేది సగం నురుగే. మా పెళ్లి డబ్బాకు పట్టిన గతే దానికీ పడుతుంది. వాళ్లు వాయువును లోపల బంధించాలనుకున్నారు, మేము బయటికి వదిలాం. చల్లదనం మాత్రం ఇద్దరికీ కావాలి.

మన దేశానికి వచ్చిన తెల్లవాళ్లకు మైదానంలో బీరు నిలవలేదు. అందుకే 1850లలో కసౌలీలో, 1860లో మర్రీలో, చల్లటి కొండల మీద బీరు ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు. 1870లలో జర్మనీ ఇంజనీరు కార్ల్ ఫన్ లిండె మ్యూనిక్ నగరంలో ఒక బీరు కంపెనీ సాయంతోనే చల్లదనం పుట్టించే యంత్రాన్ని తయారుచేశాడు. ఇవాళ మన ఇళ్లలో ఉన్న ఫ్రిజ్జుకు అది తాత లాంటిది. 1876లో లూయీ పాశ్చర్ బీరు మీద పుస్తకం రాసి, అది పులియడానికీ పాడవడానికీ సూక్ష్మజీవులే కారణమని వివరించాడు.

సరిగ్గా ఆ 1870లలోనే గోదావరి అవతల మా చుట్టాల జీలుగు చెట్ల మీద పన్ను పడింది. రంపలో మన్సబుదారు కల్లు మీద చిగురుపన్ను వసూలు చేసేవాడు. దాని మీద సర్కారు అబ్కారీ గుత్త తెచ్చింది. గుత్తేదారు డబ్బు కట్టి హక్కు కొనుక్కుంటాడు. తన చెట్టును తాను గీసుకున్నవాడు అతని లెక్కలో దొంగ. 1879 మార్చిలో రంప లేచింది. ఆ తిరుగుబాటుకు కారణాలు చాలా ఉన్నాయి, వాటిలో కల్లు పన్ను ముఖ్యమైనది. అది ఆ ఏడే భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి పాకింది. తమ్మన్నదొర పేరు అక్కడ ఇప్పటికీ మరిచిపోలేదు. భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు అప్పటికి ఐదేళ్ల ముందే, 1874లో, మధ్య పరగణాల నుంచి మద్రాసు రాజధానికి మారి ఉన్నాయి. పాలన మారితే చెట్టు మీద చట్టం మారుతుందని ఆ గూడేలకు అట్లా తెలిసొచ్చింది. సర్కారు పోలీసులను, పటాలాలను దింపి తిరుగుబాటును అణచింది. కానీ ఆ తర్వాత ఏజెన్సీలో సొంత వాడకం కల్లుకు వెసులుబాటు ఇవ్వక తప్పలేదు.

ఒకచోట తాగే పీపాకు చల్లదనం ఇవ్వడానికి యంత్రం పుట్టింది. ఇంకోచోట తాగే కుండకు కాపలా పెట్టడానికి చట్టం పుట్టింది. రెండూ ఒకే దశాబ్దంలో.

నిల్వ ఉండేదే సర్కారుకు కావాలి

నది ఇవతల, మా వైపు, నిజాం రాజ్యం. ఇక్కడ ఫసలీ 1316లో, అంటే 1907 ప్రాంతంలో, హైదరాబాదు అబ్కారీ చట్టం వచ్చింది. చెట్టు పొలంలో ఉన్నా గీసే హక్కు సర్కారుది, దాన్ని పాడుకున్న ముస్తాజరుది. భద్రాచలం తాలూకా 1959లో ఖమ్మం జిల్లాలో కలిసేదాకా నదికి రెండు ఒడ్డుల మీద రెండు జిల్లాల పాలన. 1968లో ఎక్సైజు చట్టం వచ్చి రెండు వైపులా ఒకే చట్టం అయింది. జెండాలు మారాయి, చెట్టుకు నంబరు వేసే పద్ధతి మాత్రం పోలేదు.

ఇక్కడ ఆలోచించాల్సిన సంగతి ఒకటి ఉంది. పొద్దున దించి మధ్యాహ్నానికి పాడయ్యే సరుకుతో గుత్తేదారుకు లాభం ఉండదు. అతనికి నిల్వ ఉండేది కావాలి, బండి మీద దూరం పోయేది కావాలి, సీసాలో కొలిచి అమ్మేది కావాలి. అందుకే మా కల్లు కన్నా సారాకు విలువ పెరిగింది.

సారా మాకు తెలియనిది కాదు. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది. చైత్రం ముందువెనకల తెల్లవారకముందే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలు పట్టుకుపోయి ఏరతారు. ఎండబెట్టిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. తేమ తగలకుండా దాస్తే వానాకాలం కూడా గడుస్తుంది. వండుకుని తింటాం, కొంత నానబెట్టి, పులియబెట్టి, కాస్తాం. అక్కడా చల్లదనానిదే పెద్దరికం. కింద కుండలో పులిసిన పువ్వు మరుగుతుంది. పైన పెట్టిన పాత్రలో చన్నీళ్లుంటాయి. ఆవిరి ఆ చల్లని అడుగుకు తగిలి చుక్కలుగా మారుతుంది. పై నీళ్లు వేడెక్కగానే మార్చాలి. మార్చకపోతే ఆవిరి ఆవిరిగానే పోతుంది. అందుకే కాచేవాళ్లు పక్కన నీళ్ల బిందె పెట్టుకుని, పై పాత్రను ముట్టి చూస్తూ కూర్చుంటారు. అది పండుగకు, చావుకు, పెళ్లికి కాచేది. రోజూ పొయ్యి మీద ఉండేది కాదు. ఆ పువ్వునూ వదల్లేదు. 1892లో బొంబాయి రాజధానిలో ఇప్పపువ్వు ఏరడం, దాచడం మీదనే ఆంక్షలు పెడుతూ చట్టం చేశారు. అక్కడి భిల్లుల బాధ మా బాధ లాంటిదే.

తర్వాత వచ్చిన సర్కారీ సారాకు పువ్వు లేదు, పండుగ లేదు, పొద్దు లేదు. పొద్దున్నా దొరుకుతుంది, అర్ధరాత్రీ దొరుకుతుంది, అప్పుకూ దొరుకుతుంది. దొంగసారాకు బెల్లం, పటిక చాలు. మైదానంలో కొన్ని చోట్ల చెట్టు కల్లు చాలక నీళ్లలో క్లోరల్ హైడ్రేట్, డైజీపాం లాంటి మందులు కలిపి కల్లు అని అమ్మడం మొదలైంది. ఆ కల్లు ఎండకు పులియదు. దానికి వయసు మీద పడదు. మనిషి మీదనే పడుతుంది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఆ ఆడవాళ్ల పోరాటానికి మేము చేతులు జోడిస్తాం. కానీ ఆ ఉద్యమ చరిత్ర చెప్పేటప్పుడు అవ్వ కుండనూ, కాంట్రాక్టరు ప్యాకెట్టునూ ఒకే గాటన కట్టకూడదు.

చేతిలో ఉన్న హక్కు

ఈ తేడా ప్రభుత్వానికి తెలియక కాదు. ఆదివాసీ ప్రాంతాల్లో వ్యాపార మద్యం దుకాణాలు తీసేయాలని, ఆదివాసులు ఇంటి అవసరానికి తమ సంప్రదాయ పానీయాలు చేసుకోనివ్వాలని కేంద్ర ప్రభుత్వం 1975లోనే రాష్ట్రాలకు మార్గదర్శకాలు ఇచ్చింది. 1996లో వచ్చిన పెసా చట్టం ఇంకో అడుగు ముందుకు వేసింది. మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలన్నది. మన రాష్ట్రంలో దానికి నియమాలు 2011లో వచ్చాయి. అంటే షెడ్యూల్డు ప్రాంతంలో బెల్టు షాపు వద్దని చెప్పే నోరు గూడేనికి ఉంది. ఏ కుండ ఉండాలి, ఏ ప్యాకెట్టు పోవాలి అన్నది మా వలయంలో కూర్చుని మేమే తేల్చుకోవచ్చు. కాగితం మీది ఆ మాటను వాడుకోవాలంటే ముందు మాకు మా కొలత గుర్తుండాలి.

ఆ కొలత మరుపుకు వస్తున్నది. కుండలు చేసే ఇళ్లు తగ్గాయి. లొట్టి స్థానంలో ప్లాస్టిక్ సీసా కడుతున్నారు. సీసాకు చెమ్మ పట్టదు, పొగబెట్టడానికి లేదు. చెట్టు మీదనే కల్లు ఉడికిపోతున్నది. రేక స్థానంలో ప్లాస్టిక్ గ్లాసు వచ్చింది. గ్లాసును కింద పెట్టుకోవచ్చు, మళ్లీ మళ్లీ నింపుకోవచ్చు, ఒక్కడే మూలన కూర్చుని తాగొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, తాటిచెట్లు పోతున్నాయి. పొలం గట్ల మీద కొట్టేసిన తాటి మొద్దులు మా మండలంలో ఎవరైనా చూడొచ్చు. చెట్టు పోతే కల్లు ఒక్కటే పోదు, పొద్దున్నే ఊరు కలిసి కూర్చునే చోటు పోతుంది.

మేము బడిలో ఒక పని మొదలుపెట్టాం. పిల్లలు ఇంటికి పోయి అవ్వనో తాతనో అడిగి రాసుకొస్తున్నారు. మీ ఇంటి చెట్టు ఎక్కడుంది, దాన్ని ఎవరు గీసేవాళ్లు, కుండ ఎక్కడ పెట్టేవాళ్లు, ఏ పొద్దుకు లేచిపోయేవాళ్లు అని. ఒక పిల్లాడు రాసుకొచ్చాడు: "మా తాత కల్లు తాగినంక పొలం పోయేటోడు. మా నాన్న తాగినంక పొలం పోడు." మార్కులు వేయడానికి మాకు చెయ్యి రాలేదు. వందేళ్ల చరిత్ర ఆ రెండు వాక్యాల్లోనే ఉంది.

గూడేల్లో చదువుకున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు మేము చెప్పేది ఇంతే. కుండను చేతి వెనకతో ముట్టి చూసే అవ్వలు ఇంకా కొందరున్నారు. వాళ్లుండగానే పోయి అడగండి, రాసుకోండి. గ్రామసభలో మద్యం మాట వచ్చిన రోజు ఆ రాత మన చేతిలో ఉండాలి.